చివరి సుద్దగీత

సామాను బండి రేపు పొద్దున్నే వస్తుంది. మేస్త్రీ మాత్రం తను కట్టుకున్న కొత్త ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ప్రతి గోడకీ రసమట్టం పెట్టి చూస్తాడు. వెంట్రుకవాసి తేడా కనిపిస్తే చాలు, అక్కడొక సుద్దగీత గీస్తాడు.

“నెల నుంచీ ఇదే తంతు! ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి కూడా ఇన్ని వంకలు పెట్టావా?” గచ్చు తుడుస్తూ విసుక్కుంది భార్య.

“అయిపోయిందంటే ఇక అయిపోయినట్టేనే. తొందరపెట్టకు.”

చివరికి గుమ్మం పక్కన ఒక్క పగులు మిగిలింది. దాన్ని పూడ్చి, గీతని అరచేత్తో చెరిపేసి, తాపీ కడిగి సంచిలో వేసుకున్నాడు. తాళంచెవి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు.

“ఒకసారి అంతా చూసుకోండమ్మా. ఏమన్నా ఉంటే కబురు పెట్టండి.”

ఆమె పకపకా నవ్వింది. అతను నవ్వలేదు. సంచి భుజానికి తగిలించుకుని, మెట్లు దిగి, గేటు దాటి వీధిలోకి నడిచాడు.

“ఏమయ్యా, ఎక్కడికి?”

అతను ఉలిక్కిపడి ఆగాడు. ముప్ఫై ఏళ్ళలో, తాళంచెవి ఇచ్చేశాక ఏ ఇంటివాళ్ళూ అతన్ని పనిలేకుండా వెనక్కి పిలవలేదు.

“ఇంకేమన్నా మిగిలిపోయిందా?” బెరుకుగా అడిగాడు.

“నువ్వు మిగిలిపోయావు. గచ్చు తడిగా ఉంది, చూసుకుని రా.”