‘మన నగరం’ పేజీ

“మళ్లీ ఏడుపేనా?” అంది అఫాఫ్, భర్త భుజం మీంచి కంప్యూటర్లోకి తొంగిచూస్తూ.

“ఏడుపు కాదు, కైరో,” అన్నాడు రిఫాత్.

“రెంటికీ తేడా ఏముంది గనక!” టీ గ్లాసు అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

రిఫాత్ వెబ్‌సైట్లు తయారుచేస్తాడు. పన్నెండేళ్లుగా అదే పని. పళ్ల డాక్టర్లకు, పెళ్లి హాళ్లకు, పాలరాయి వ్యాపారులకు, ఎవరి మాటలు వాళ్లకు ముచ్చటగా అమర్చి ఇచ్చాడు. తన మాట మాత్రం అడిగిన నాథుడు లేడు. ఒకప్పుడు సొంతంగా బ్లాగు పెట్టుకున్నాడు. అఫాఫ్ తప్ప ఎవరూ చదవలేదు. కొన్నాళ్లకు అఫాఫ్ కూడా మానేసింది.

ఇన్నాళ్లకు ఒక సందు దొరికింది. ఎడారి అంచున కొత్త ఇళ్లు కడుతున్న ఒక కంపెనీ వెబ్‌సైటు చేయమంది. అందులో ‘మన నగరం’ అని ఒక పేజీ ఉండాలన్నారు. అక్కడ ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు. శుక్రవారం పొద్దున్నే కూర్చుని, కడుపులో ఉన్నదంతా అందులో కక్కేశాడు.

ఫ్లైఓవర్ తమ బాల్కనీని రాసుకుంటూ పోయిందనీ, బస్సుల్లో వాళ్లు తమ పళ్లెంలో ఏముందో చూసి మరీ వెళ్తున్నారనీ రాశాడు. పాత సామాన్లు కొనేవాడు కూడా గొంతెత్తడం మానేసి, రికార్డు చేసిన అరుపును బండికి కట్టి తిప్పుతున్నాడని రాశాడు. కాఫీ దుకాణంలో నలుగురు స్నేహితులు నాలుగు ఫోన్లలో తలలు దూర్చి కూర్చుంటారు. లేచేముందు మాత్రం దగ్గరికి జరిగి, నవ్వుతూ ఫోటో దిగి పోతారు. దారి అడిగితే మూడు వీధులు వెంట వచ్చి చూపించిన ఊరు, ఇప్పుడు ‘ఫోన్లో చూసుకో’ అంటోంది. అదీ రాశాడు.

చివర్న ఇలా ముగించాడు: “ఈ ఊళ్లో ఇప్పుడు గోడలే లేస్తున్నాయి. గోడ అవతల ఎవరున్నారో కట్టేవాళ్లకు అక్కర్లేదు. కొనేవాళ్లకు అసలే అక్కర్లేదు.”

ఇది చూసి కంపెనీవాళ్లు మెడబట్టి గెంటేస్తారనే అనుకున్నాడు. గెంటినా సరే, ఒక్కరైనా చదివినట్టవుతుంది.

కంపెనీ ప్రచారం చూసే మేడమ్ షహీనాజ్ ముందు, గోడంత తెర మీద ఆ పేజీ వెలిగింది. రిఫాత్ నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

“అబ్బ, ఎంత నిండుగా ఉందండీ!” అందామె.

అతను తన చెవులను తానే నమ్మలేకపోయాడు. “మీకు అభ్యంతరం ఏమీ లేదా మేడమ్?”

“అభ్యంతరమా! భలేవారే. కాకపోతే, మధ్య పేరా కొంచెం సాగినట్టుంది. రెండు లైన్లు తగ్గించండి, చక్కగా కుదురుతుంది.”

నిజమే, కాఫీ దుకాణం దగ్గర సాగదీశాడు. ఎంత టక్కున పట్టేసింది! ఆ రెండు లైన్లు తీయడానికి మూడు రోజులు మథనపడ్డాడు. తీశాక చూస్తే ఆమె చెప్పిందే సబబు. తన రాతను ఇంత శ్రద్ధగా చూసిన మనిషి ఈ పన్నెండేళ్లలో మరొకరు లేరు.

మరుసటి వారం కంపెనీ యజమాని హాజ్ ముతవల్లీ వచ్చాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, కుర్చీలో వెనక్కి వాలి చూశాడు.

“బరువుంది ఇంజినీరూ! ఈ బరువే నేను కోరుకున్నది. ఆ చివరి ముక్క ఉంది చూశావూ, దాన్ని ఇంకా పెద్ద అక్షరాల్లో వెయ్యి. ఎంత దూరం నుంచైనా కొట్టొచ్చినట్టు కనపడాలి.”

రిఫాత్ మెట్లు కూడా చూసుకోకుండా ఇంటికి పరిగెత్తాడు.

“గోడల గురించిన ముక్క పెద్దగా వెయ్యమన్నాడు అఫాఫ్! గోడలు కట్టేవాడే!”

“మతిపోయింది ఆయనకా, నీకా?” అంది అఫాఫ్. ములూఖియా ఆకుకూర తరుగుతున్న కత్తి పక్కన పెట్టింది. “ఏదీ, చదువు. విందాం.”

చదివాడు. ఆమె చివరిదాకా వింది. ఎగతాళి చెయ్యలేదు. ఈ ఊరి మీద ఎప్పుడో ఆశ వదిలేసుకున్న రిఫాత్‌కు ఆ పూట మళ్లీ ఆశ పుట్టింది.

“ఇది బయటికి వస్తే ప్రతి శుక్రవారం రాస్తాను,” అన్నాడు. “రాకపోతే మాత్రం, ఒట్టు, ఇక ఒక్క అక్షరం కూడా రాయను.”

బావమరుదులకు చెప్పాడు. క్షౌరశాలలో చెప్పాడు. కాఫీ దుకాణంలో ముక్కూ మొహం తెలియనివాళ్లకు కూడా చెప్పాడు. “ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆ కంపెనీ వెబ్‌సైటు మొదలవుతుంది, చూడండి. అందులో ‘మన నగరం’ నేను రాసిందే.”

ఆదివారం కంపెనీ హాలు కిటకిటలాడుతోంది. చెరకురసం గ్లాసులు తిరుగుతున్నాయి. ఇంటి దగ్గర అఫాఫ్ తన తల్లినీ తమ్ముళ్లనూ కూర్చోబెట్టుకుని ఫోను చేతిలో పట్టుకుని ఉంది. ‘ఇంకా ఎంతసేపు?’ అని మూడుసార్లు మెసేజ్ పెట్టింది. పన్నెండుకు పది నిమిషాలుంది. సైటును జనంలోకి వదిలే మీట మీద రిఫాత్ వేలు పెట్టుకుని ఉన్నాడు.

మేడమ్ షహీనాజ్ నవ్వుతూ వచ్చి, అతని ముందు ఒక కాగితం పెట్టింది.

“ఇంజినీరు గారూ, ‘మన నగరం’ పేజీలో వెయ్యాల్సిన అసలు రాత ఇప్పుడే వచ్చింది, పేజీ ఎలా ఉంటుందో మాకు చూపించడానికని మీరు నోటికొచ్చినట్టు నింపిన ఆ ఉత్తుత్తి అక్షరాలు తీసేసి, ఇది పెట్టేయండి.”