మన ఊరు

"అయ్యో! 'మన ఊళ్లను బాగుచేస్తాం' అని రాసిస్తే, 'మా ఊళ్లను' అని చదివేశారు సార్!" రెండోసారి గెలిచిన నాయకుడి ఉపన్యాసం వింటూ, దాన్ని రాసినవాడు వేదిక వెనక నెత్తి కొట్టుకున్నాడు.

"పొరపాటేం కాదు. నేనే దిద్దాను," అన్నాడు కార్యదర్శి తాపీగా. "ఇకమీదట ఏం చేసినా మనకి ఓటేసిన ఊళ్లకే."

"మరి వెయ్యనివాళ్లో?"

"వాళ్ల ఏడుపు వాళ్లు ఏడుస్తారు."

రాసినవాడి జేబులో ఫోను మోగింది. సొంతూరి నుంచి అక్క. ఆ ఊరు ఓటెయ్యలేదు.

"ఒరేయ్ తమ్ముడూ, చంటిదానికి మళ్లీ ఆయాసం. మన ఊళ్లో మూసేసిన ఆసుపత్రి ఇప్పుడైనా తెరుస్తారంటావా?"

కార్యదర్శి ఇతనివైపే చూస్తున్నాడు.

"చెప్పరా, నీకు పుణ్యముంటుంది!"

"కష్టమే అక్కా... మీ ఊరికి."

అవతల పాప ఎగశ్వాస వినబడుతోంది.

"మీ ఊరేంట్రా?" అంది అక్క.