రెండో చరణం

వాగు ఒడ్డున ఒక ముసలి కప్ప ఉండేది. పేరు బొంగురయ్య. ఊపిరి తీసుకోకుండా మాట మీద మాట పేర్చి పాడడంలో ఒకప్పుడు అతన్ని మించినవాళ్లు లేరు. తొలకరి పడగానే, అడవికి కబుర్లు మోసే గోరింక ఎప్పటిలాగే వచ్చి వాలింది.

"తాతా, అవతలి ఒడ్డు మచ్చలయ్యతో నీకు అంత పగ దేనికి? పాటల్లో కూడా తిట్టుకునేవాళ్లట."

"ఏటా ఇదే అడుగుతావు. పాట సంగతి ఒక్కసారైనా అడగవు. పగ ఎక్కడిదే? నేను ఇటునుంచి ఒక చరణం తిడితే వాడు అటునుంచి ఒక చరణం తిట్టేవాడు. వాన వెలిసేదాకా అదే మా ఆట. వాడు పోయి మూడు వానాకాలాలైంది."

"సరే, ఆ పాటే పాడు."

బొంగురయ్య మొదటి చరణం గడగడా పాడాడు. తర్వాత అవతలి ఒడ్డు వైపు చూస్తూ, ఒక చరణం పట్టేంత సేపు ఊరుకున్నాడు. మెల్లగా నవ్వి, మూడో చరణం అందుకున్నాడు.

మర్నాడు గోరింక అడవంతా చెప్పింది: "పాపం, ముసలాడు రెండో చరణం మరిచిపోయాడు."

ఆ కబురు వాగుదాకా వచ్చింది. బొంగురయ్య అవతలి ఒడ్డుకేసి చూశాడు.

"విన్నావట్రా? నీ చరణం నేను మరిచిపోయానట."