రోజుకో తప్పు

ఆ సాయంత్రం కూడా దేవిక పని పాసవలేదు.

"స్టార్ పక్కన కామా పెడితే అక్షరాలు లావు అయితలేవమ్మా. రిపోర్టుల రాసిన," అన్నాడు హరికిషన్.

ప్యాట్నీ సెంటర్ దగ్గర నాలుగో అంతస్తులో ఆఫీసు. ప్రోగ్రాములు రాసేవాళ్లు కోడ్ మధ్యలోనే వివరణలు రాసిపెడతారు. వాటిని ఏరి పుస్తకంగా కూర్చే టూల్ ఒకటుంది. మాటకు అటూ ఇటూ స్టార్ పెడితే అక్షరాలు లావుగా రావాలి. ముందు గీత పెడితే జాబితాలా రావాలి. టూల్‌కు ఇవన్నీ నేర్పడం దేవిక పని. తప్పులు పట్టడం హరికిషన్ పని.

ఆమె చేరింది 2008 జూన్‌లో. ఇంకా పర్మనెంట్ కాలేదు. టూల్ పాసయితే ఉద్యోగం ఖాయమని ఆశ. తమ్ముడి చదువు ఆ ఉద్యోగం మీదే నడుస్తోంది.

పక్క సీటు కుమారి పని ఒక్క వారంలో పాసయింది. మర్నాటి నుంచి ఆ సీటు ఖాళీ. మాధాపూర్‌లో ఏదో పెద్ద ప్రాజెక్టుకు వేసి ఉంటారు. ఫోన్ చేస్తే ఎత్తదు. ఇప్పుడు మనమెందుకు గుర్తుంటాం!

"సార్, నిన్న మీరు రాసిన తప్పు నా సిస్టంలో రావట్లేదండి," అంది మర్నాడు.

"నా దాంట్ల వస్తున్నది."

"పోనీ ఇవాళైనా..."

"జెర ఆగు. చాయ్ తాగొచ్చి ఇయ్యాల్టి తప్పు రాస్తా."

చూడకముందే తప్పు! దేవికకు ఏడుపొచ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు కీబోర్డును బాదింది. అంతకన్నా ఏం చేయగలదు?

దసరా వెళ్లింది. దీపావళి వెళ్లింది. తప్పులు మాత్రం వెళ్లలేదు.

చివరికి తెగించింది. హరికిషన్ సెలవు పెట్టిన రోజు చూసి, నేరుగా మేనేజర్ వెంకటేశ్వర్లు గారికి టూల్ చూపించింది. ఆయన గంటసేపు పరీక్షించారు.

"బ్రహ్మాండంగా ఉందమ్మా! ఇన్నాళ్లూ ఎందుకు దాచావ్?" అంటూ సంతకం పెట్టేశారు.

మర్నాడు స్వీటు డబ్బాతో వచ్చింది. టేబుల్ మీద కవరు. పర్మనెంట్ ఆర్డరే అనుకుని ఆత్రంగా చింపింది.

పని పూర్తయింది కనుక ఆమె సేవలు సంస్థకు ఇక అక్కర్లేదట.

కుర్చీలో కూలబడింది. హరికిషన్ వచ్చి కాగితం చదివాడు.

"పని అయినోళ్లను అయినట్టే తీసేస్తున్నరమ్మా. కుమారిని సుత గిట్లనే పంపిన్రు. బయటికి చెప్తే నా నౌకరీ పోతదన్నరు," అన్నాడు గొంతు తగ్గించి.

"మరి నా టూల్‌లో అన్నన్ని తప్పులు..."

"నీ టూల్ల తప్పులు వినాయక చవితికే అయిపోయినయమ్మా."