అడిగి ఊరుకోవడం

మా అక్క నోరు ఒక్క క్షణం ఊరుకోదు. ఆడిటర్ కదా, వెళ్లినచోటల్లా ప్రశ్నా తనే, జవాబూ తనే. "అడిగి ఊరుకో, అవతలివాళ్లే చెప్పేస్తారు. ఈ నెలలో అది నేర్చుకోకపోతే ఇంటికెళ్లిపో" అన్నాడట వాళ్ల సారు.

అందుకే నాన్న మీద ప్రాక్టీసు పెట్టింది. నాన్న ఒక కంపెనీవాళ్ల రంగుల గోదాం చూసుకుంటాడు.

"గోదాం తాళాలు ఎవరి దగ్గరుంటాయండీ?"

"అబ్బో, అండీనా! నా దగ్గరే."

అక్క ఊరుకుంది.

"డ్రైవర్ దగ్గర కూడా ఒకటుందిలే."

అక్క రెప్ప వెయ్యలేదు.

"అట్లా గుడ్లప్పగించి చూడకే తల్లీ! మన గోడలకి రంగు ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు మరి?"

అందరం గోడల వంక చూశాం.

"వచ్చే వారం మా గోదాంకి ఆడిట్‌కొచ్చేది మీ సారే కదా. చెప్పవుగా?" అన్నాడు నాన్న.

అక్క ఊరుకుంది. ఈసారి అది ప్రాక్టీసు కాదు.