ఒక్క ఫోనూ రాలేదు

అసెంబ్లీ కమిటీ ఆరోగ్య మంత్రిని నిలదీస్తోంది. బెల్‌ఫాస్ట్‌లో నిలదీయడమంటే, ముందు థాంక్యూ చెప్పి తర్వాత అడగడం. యుగంధర్ టీవీ సౌండు పెంచాడు.

"చెవి ఆస్పత్రి వెయిటింగ్ లిస్టులో నాలుగు వేల మంది ఎలా తగ్గారు?" అడిగింది చైర్‌పర్సన్.

"అందరికీ మూడేసిసార్లు ఫోన్ చేశాం. ఎత్తనివాళ్లకి వైద్యం అక్కర్లేదని తీసేశాం," అన్నాడు మంత్రి. కమిటీ అభినందించింది.

"ఆ ఫోన్లు చేసి పేర్లు తీసేసే కంప్యూటర్ ప్రోగ్రాం రాసింది నేనే," అన్నాడు యుగంధర్ భార్యతో.

సత్యవాణి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఏంటండీ?"

"నేనే రాశా," అని అరిచాడు.

"సర్లెండి, ముందు ఈ ఉత్తరం చూడండి. రెండేళ్లు ఆగాక నా పేరు తీసేశారు. మూడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదట. ఫోన్ మోగేది వినపడితే నాకు చెవి డాక్టరెందుకండీ?"

యుగంధర్ ఉత్తరం రెండుసార్లు చదివాడు.

టీవీలో చైర్‌పర్సన్ చివరి ప్రశ్న వేసింది. "తీసేసినవాళ్లెవరైనా ఫిర్యాదు చేశారా?"

"ఒక్క ఫోనూ రాలేదు," అన్నాడు మంత్రి గర్వంగా.

"ఇంతకీ, మీరు రాసిందేంటన్నారు?" అడిగింది సత్యవాణి.

"ఆ ప్రోగ్రామే," అన్నాడు యుగంధర్, ఆమెకు వినపడనంత మెల్లగా.