ఒపల్ చేతికి సరిపడే పిస్తోలు

ఓక్లహోమాలో మా తుపాకుల కొట్టుకి వచ్చే ఆడవాళ్ళకి పిస్తోలు ఎంచేది వాళ్ళ మొగుళ్ళే. ఎంచితే అరచేతిలో ఇమిడే బుల్లిదాన్నే ఎంచుతారు. కాల్చినప్పుడు బుల్లివే చేతిని ఎక్కువ తన్నుతాయంటే వినరు.

పెళ్ళాం ఒపల్‌ని వెంటబెట్టుకొచ్చిన డెల్బర్ట్ కూడా అంతే. "బట్టల కింద కనపడకుండా ఉండాలి. మా ఆవిడకి అది చాలు," అని ఓ బుల్లిదాన్ని చూపించాడు.

"నా వేళ్ళలో బలం లేదు. ముందు నువ్వు లాగి చూపించవయ్యా," అంది ఒపల్.

అతను తూటా ఎక్కించడానికి లాగే పైభాగాన్ని, పిస్తోలు స్లైడుని, వెనక్కి లాగబోయాడు. వేళ్ళు వణికాయి గానీ అది కదల్లేదు.

"తుప్పు పట్టినట్టుంది," అన్నాడు నాతో.

"ఈ కొట్లో అన్నీ తుప్పువేలే," అంది ఒపల్. "ఇంకోటి తియ్యి నాయనా."

రెండోదీ కదల్లేదు. మూడోది కాస్త పెద్దది, కాస్త బరువు. దాని స్లైడు సులువుగా జారింది. వెనక గదిలో కాల్చి చూసి, నవ్వుతూ వచ్చాడు.

"అసలు తన్నడం లేదు. నీలాంటి ముసలిదానికి ఇదే సరి."

"ముసలిదాన్నే మరి, ఏం చేస్తాం," అంది ఒపల్.

అతను ట్రక్కు తేవడానికి వెళ్ళాడు. గుర్తింపు కార్డు కోసం ఒపల్ చేతిసంచి తెరిచింది. లోపల పిడి అరిగి నున్నబడ్డ పెద్ద రివాల్వరు ఉంది.

"నాకు నాదుంది. ఆ కొత్తదానికి తోలు ఒర కూడా ఇవ్వు, మగాళ్ళ బెల్టుకి పట్టేది," అంది. "తన పాత పిస్తోలు చేతిలోంచి జారిపోతోందని ఆయన ఒప్పుకోడు. ఇంటికెళ్ళి, ఈ కొత్తది నేను మోయలేనని గునుస్తాను. పాపం, నా మీద జాలిపడి ఆయనే పెట్టుకుంటాడు."